సరంగమ్మ పడవలో మొదటిరోజు

తల్లిదండ్రులు ఆవిడకు పెట్టిన పేరు పడవ లైసెన్సు కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఊరంతా సరంగమ్మ అనే పిలుస్తారు. పడవ నడిపేవాణ్ణి సరంగు అంటారు గనక, ఇక్కడ నడిపేది ఆడమనిషి గనక, చివర ఒక అమ్మను తగిలించారు. మొదట్లో అది వెక్కిరింపు. ముప్ఫై ఏళ్ళ వాడకంలో వెక్కిరింపు అరిగిపోయి పేరు మిగిలింది.

కుదురుగా ఒకచోట కూర్చోవడం ఆవిడకు చేతకాదు. అన్నం తింటూ రెండుసార్లు లేస్తుంది. ఎవరింటికైనా వెళ్తే, వాళ్ళు కుర్చీ వేసేలోపు వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దుతూ ఉంటుంది. భర్త దర్జీ. పొద్దున కూర్చున్న స్టూలు మీంచి చీకటి పడేదాకా లేవని మనిషి. దేవుడు తమ ఇద్దరికీ కలిపి ఒకే కుదురు ఇచ్చాడనీ, అది మొత్తం తనే తీసేసుకున్నాననీ ఆయన అందరికీ చెబుతాడు. పడవ ఇంకా తాడు కట్టి ఉండగానే ఆయనకు కడుపులో తిప్పుతుంది. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన భార్య నడిపే పడవ ఎక్కింది ఒక్కసారే. ఆ సంగతి ఎత్తితే ఇద్దరూ మాట మారుస్తారు.

ఏటా గాలులు తగ్గే నెలలో వేరే దేశం నుంచి కాలేజీ పిల్లలు వస్తారు. మూడు వారాలు ఉంటారు. డాల్ఫిన్లను ఎలా లెక్కపెట్టాలి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని ఎలా గుర్తుపట్టాలి, వాటి జోలికి పోకుండా వాటి సంగతులు ఎలా తెలుసుకోవాలి అన్నది వాళ్ళ చదువు. నేర్పే టీచరు కూడా ఆ దేశం మనిషే. పన్నెండేళ్ళుగా వచ్చిపోతూ ఇక్కడి భాష పట్టేసింది. అయితే పుస్తకాల్లోంచి నేర్చుకున్నది కావడంతో కోపం వచ్చినా వ్యాకరణం తప్పదు. వాళ్ళను నీళ్ళ మీదికి తీసుకెళ్ళే పడవ సరంగమ్మది.

ఆ ఏడు పిల్లలు దిగిన మర్నాడు, అంటే వాళ్ళ చదువుకు మొదటిరోజు, సరంగమ్మ తెల్లారేసరికే నాలుగుసార్లు జెట్టీ దాకా వెళ్ళొచ్చింది. ఇంధనం డబ్బా మూత బిగించిందీ లేనిదీ చూసుకుంది. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది రోజులుగా అఖాతంలో ఒక్క డాల్ఫిన్ కూడా కనిపించలేదు. మొదటిరోజు డాల్ఫిన్లు కనబడితే ఆ పిల్లలు మూడు వారాలూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. కనబడకపోతే రెండో రోజుకే మొహాలు వేలాడేసుకుంటారు. ఇది ఆవిడ ఏళ్ళ తరబడి చూస్తున్న సంగతి.

భర్త అప్పుడే ఆఖరి జాకెట్ పట్టీ కుట్టి దారం కొరికాడు. "వచ్చేవైతే అవే వస్తాయి. నువ్విలా తిరిగితే వాటికేమన్నా కబురు వెళ్తుందా?" అన్నాడు.

ఆవిడ ఐదోసారి జెట్టీకి బయలుదేరింది.

ఆవిడ పడవ పట్టిన కథ ఇక్కడ చెప్పాలి. తండ్రి అఖాతానికి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి మనుషుల్ని దాటించేవాడు. ఆవిడకు పదమూడో ఏట తల్లి పోయింది. అప్పటికి తమ్ముడికి మూడేళ్ళు. వాణ్ణి ఇంట్లో చూసుకునే దిక్కు లేక, నీళ్ళలో పడిపోకుండా నడుముకు తాడు కట్టి పడవలోనే కూర్చోబెట్టుకునేది. వాడు నడక నేర్చింది నేల మీదే అయినా పరుగు నేర్చింది పడవ చెక్కల మీద. ఆవిడకు పంతొమ్మిదేళ్ళప్పుడు తండ్రి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒకరోజు ఆయన చుక్కాని వదిలేసి చేతుల్ని ఒళ్ళో దాచుకుని కూర్చుంటే, ఈవిడ వెళ్ళి పట్టుకుంది. మర్నాడు ఆడపిల్ల నడిపే పడవ ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. అవతలి ఒడ్డున కాన్పుకు వెళ్ళాల్సిన మంత్రసాని మాత్రం, నాకు టైము లేదు పదవే అని ఎక్కేసింది. ఆమె బతికి బట్టకట్టి తిరిగి రావడం చూశాక మిగతావాళ్ళూ ఎక్కారు.

పదేళ్ళకు వంతెన కట్టారు. రేవు మూతపడింది. సరంగమ్మ పడవలో సిమెంటు బస్తాలు మోసింది, ఇటుకలు మోసింది. అవతలి ఒడ్డున పెళ్ళివారి సామాను కూడా మోసింది. ఆ రోజుల్లోనే టీచరు జెట్టీ మీదికి వచ్చి పడవలన్నీ చూసుకుంటూ పోయింది. వేగంగా పోయే పడవలు చాలా ఉన్నాయనీ, తనకు నెమ్మదిగా పోగలిగేది కావాలనీ అడిగింది. అందరూ నవ్వారు. సరంగమ్మ నవ్వలేదు. నేల మీద ఒక్క నిమిషం నిలవని ఆ కాళ్ళు, చేతిలో చుక్కాని ఉంటే మాత్రం మేకుకొట్టినట్టు ఉండిపోతాయి. ఎందుకో ఆవిడకూ తెలియదు.

తమ్ముడు పెరిగి చేపల వేటలో పడ్డాడు. సొంత పడవ, సొంత వలలు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అక్క ఇంటికీ వాడి ఇంటికీ మధ్య రెండు వీధులు. వారంలో మూడు రోజులు వాడి పిల్లలు ఈ ఇంట్లోనే అన్నం తింటారు.

ఏడున్నరకు టీచరు పిల్లల్ని తీసుకుని వచ్చింది. ఎనిమిదిమంది. వాళ్ళ పేర్లకు సరంగమ్మ నోరు తిరగదు. అందుకని ఏటా తనే పేర్లు పెట్టేసుకుంటుంది. తాటిచెట్టంత పొడుగున్నవాడు ఆకాశం. ఎండ ఇంకా ఎక్కకముందే మొహానికి తెల్లటి క్రీము పూసుకొచ్చినది సున్నం. మెడలో పెన్సిలు వేలాడేసుకుని, అట్టకు కాగితాలు బిగించి పట్టుకున్న సన్నటి పిల్ల నోట్సు. ఆ రోజు రాతపని నోట్సుకు పడింది. ఆ పిల్ల బయలుదేరే ముందు మూడు నెలలు కూర్చుని ఇక్కడి భాష కొంత నేర్చుకుని వచ్చింది. సరంగమ్మకు నమస్కారం పెట్టి, "మీ పడవ ఆరోగ్యంగా ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా. నేనే కాస్త అటూ ఇటూగా ఉన్నాను," అంది సరంగమ్మ.

బయలుదేరారు. టీచరు పని విడమరిచి చెప్పింది. ముందు వైపు ముగ్గురు నిలబడి చూడాలి. ఎడమకొకరు, కుడికొకరు, ఎదటికొకరు. ఇరవై నిమిషాలకొకసారి మారాలి. పడవ ముక్కు పన్నెండు అనుకుని, దిక్కును గడియారం అంకెతో చెప్పాలి. కుడిచేతి వైపు అయితే మూడు గంటలు. ఎడమచేతి వైపు అయితే తొమ్మిది. కాసేపటికి ఆకాశం ఏదో చూసి మూడు గంటలు అని అరిస్తే, సున్నం చేతి గడియారం చూసుకుని ఇంకా ఎనిమిదే కదా అంది. పడవంతా నవ్వింది. ఆకాశం చూసింది డాల్ఫిన్ కాదు, తేలుతున్న ప్లాస్టిక్ డబ్బా.

ప్రతి పది నిమిషాలకూ నోట్సు కాగితం మీద గీతలు నింపాలి. టైము, పడవ ఉన్న చోటు, గాలి, అలలు, కనబడిన డాల్ఫిన్లు. ఆఖరి గడిలో సున్నా పడింది. మళ్ళీ సున్నా. పది సున్నాలయ్యాయి. ఆ పిల్ల రెండుసార్లు పడవ అంచు మీంచి వంగి కక్కుకుంది, అప్పుడు కూడా అట్ట వదల్లేదు. సున్నా రాయడం కూడా పనేననీ, లేనిచోట లేవని తెలుసుకోవడం కూడా చదువేననీ టీచరు చెప్పింది గానీ పిల్లల చెవులకు ఎక్కినట్టు లేదు. ఒకరు బిస్కెట్లు తీశారు. ఇంకొకరు జాకెట్ పట్టీలు వదులు చేసి తిట్టు తిన్నారు. సరంగమ్మకు లోపల పీకుతూనే ఉంది. చేయి మాత్రం చుక్కాని మీద కదలకుండా ఉంది.

అఖాతం నోటి దగ్గర హద్దు గుర్తుగా తేలే మూడు పసుపు బోయలు ఉంటాయి. ఆ హద్దు దాటి లోపల మూడు నెలలపాటు ఎవరూ వల వేయకూడదు. డాల్ఫిన్లు పిల్లల్ని కనే కాలం అది. చేపల శాఖవాళ్ళు ఏటా బోర్డు పెడతారు, జెట్టీ మీద మైకులో చెబుతారు. పడవ బయట ఒక చుట్టు తిరిగి ఆ హద్దు దాటి లోపలికి వచ్చిన కాసేపటికి సరంగమ్మ ఇంజను ఆపేసింది. ఎందుకని టీచరు అడగబోతే చేయెత్తి ఆగమంది.

ఊపిరి వినబడింది. ఎవరో తడిబట్ట ఒక్కసారి దులిపినట్టు. కాసేపటికి ఇంకొకటి.

ఆరు వీపులు నీళ్ళమీద లేచి మునిగాయి. పిల్లలు ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. సున్నం ఏడ్చేసింది. నోట్సు ఆరు అని రాసింది. వీపు మీది రెక్కలను ఫోటోలు తీయమని టీచరు హడావుడిగా చెబుతోంది. ఆ రెక్క అంచుల్లో ఉండే గాట్లను బట్టే ఏది ఏదో గుర్తుపడతారు. సరంగమ్మ మాత్రం వాటిని చూడటం లేదు. అయిదు డాల్ఫిన్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒకటి మాత్రం ఒకేచోట గుండ్రంగా చుట్లు కొడుతోంది. డాల్ఫిన్ ఊరికే అలా తిరగదు.

"టీచరుగారూ, అక్కడేదో చిక్కుంది," అంది.

యాభై గజాల దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే తెలిసింది. తల్లి చుట్టూ తిరుగుతోంది. మధ్యలో పిల్ల. పట్టుమని నెల కూడా ఉండదు, ఒంటిమీద పుట్టినప్పటి మడతలు ఇంకా పోలేదు. దాని తోకకు సన్నటి నైలాను వల చుట్టుకుంది. గోడలా నీళ్ళలో నిలబెట్టే రకం వల అది. పిల్ల ఊపిరికి పైకి రావడానికి తన్నుకుంటోంది. తన్నుకున్నకొద్దీ వల బరువు కిందికి లాగుతోంది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో నిబంధన ఉంది. టీచరు రేడియోలో చేపల శాఖ ఆఫీసుకు చెప్పింది. వాళ్ళ పడవ రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. నీళ్ళలోకి ఎవరూ దిగవద్దనీ, పడవ మీంచే తెగ్గొట్టగలిగితే తెగ్గొట్టమనీ అనుమతి ఇచ్చారు. టీచరు దగ్గర పొడుగాటి కర్రకు కొక్కెంలాంటి కత్తి బిగించి ఉంది. ఏళ్ళుగా పడవలో పడి ఉన్నదే గానీ ఎప్పుడూ వాడలేదు. పిల్లల్ని అందర్నీ పడవ మధ్యలో కింద కూర్చోమంది.

ఆ తర్వాతి నలభై నిమిషాలు సరంగమ్మ పని ఒక్కటే. పడవను కదలనివ్వకూడదు. గాలి ఒకపక్కకు నెడుతుంది, పోటు ఇంకోపక్కకు లాగుతుంది. నీళ్ళలో తిరిగే ఇంజను మర డాల్ఫిన్ పిల్ల వైపు రాకూడదు. తల్లి బెదరకూడదు. జానెడు ముందుకు, జానెడు వెనక్కి, మళ్ళీ జానెడు ముందుకు. టీచరు ముక్కు దగ్గర బోర్లా పడుకుని కర్ర చాచింది. ఆకాశం ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. మొదటి మూడుసార్లు కత్తి జారిపోయింది. నాలుగోసారి ఒక పోగు తెగింది. తల్లి ఒకసారి పడవకు ఆనుకుని వచ్చి, కన్ను పైకి పెట్టి చూసింది. పిల్ల ఊపిరికి లేచే వ్యవధి పెరుగుతూ పోయింది. నోట్సు గడియారం చూసి సెకన్లు పైకి చెబుతోంది. ఆ అమ్మాయి గొంతు తప్ప పడవలో ఇంకో మాట లేదు.

చివరి పోగు తెగగానే పిల్ల రాయిలా మునిగింది. తల్లి దాని కిందికి పోయి వీపుతో ఎత్తింది. ఊపిరి వినబడింది. తోకలో ఎర్రగా లోతైన గాటు కనిపించింది. రెండూ ఆనుకుని బయటి సముద్రం వైపు పోయాయి. మిగతా అయిదూ వాటిని చుట్టుకున్నాయి.

పిల్లలు ఒకర్నొకరు వాటేసుకుంటున్నారు. వలను అక్కడే వదిలేస్తే ఇంకో దానికి చుట్టుకుంటుందని టీచరు పైకి లాగింది. సరంగమ్మ ఒక చేయి వేసింది. వల అంచు తాడు ఆవిడ చేతికి వచ్చింది. వలను తేల్చే బెండ్ల మీద ఉండాల్సిన నంబర్లు గీకేసి ఉన్నాయి. హద్దు దాటి వల వేసేవాళ్ళు చేసే పనే అది. అయితే బెండ్లను తాడుకు కట్టిన ముడి చూడగానే ఆవిడ చేయి ఆగిపోయింది.

అది వల ముడి కాదు, రేవు ముడి. తడిసి బిగిసినా ఒక్క గుంజుకు ఊడివచ్చేలా కొసను వెనక్కి మడిచి రెండోసారి దూర్చే ముడి. తండ్రి రేవులో పడవ కట్టడానికి వాడేవాడు. ఆ ముడి ఊళ్ళో ఇప్పుడు ఇద్దరికే వచ్చు. ఒకరు తను. ఇంకొకడికి తనే నేర్పింది.

నోట్సు కాగితం తిప్పింది. వలలో చిక్కిన డాల్ఫిన్ కనబడితే నింపే పేజీ వేరే ఉంది. వల రకం, వల కంతల కొలత, గుర్తులు, ఎవరిదో తెలిస్తే ఆ వివరం. ఆ పిల్ల ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అడిగింది. "ఈ వల ఎవరిదో మీకు తెలుసునా?"

"తెలీదమ్మా," అంది సరంగమ్మ.

ఆ పిల్ల గీత గీసి వదిలేసింది.

తిరుగు దారిలో ఎవరు ఏం మాట్లాడారో సరంగమ్మకు గుర్తులేదు. వల ముద్దగా కాళ్ళ దగ్గర పడి ఉంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి చుక్కాని పట్టుకున్న చేయి ఊరికే ఉండలేకపోయింది. జెట్టీకి వచ్చేటప్పుడు పడవను స్తంభానికి తగిలించింది కూడా. టీచరు ఆశ్చర్యపోయింది గానీ అలసట అనుకుంది.

పిల్లలు బసకు వెళ్ళిపోయాక సరంగమ్మ పడవ కడిగింది. ఆరకముందే మళ్ళీ కడిగింది. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచింది. భర్త మిషన్ ఆపి ఏమైందని అడిగాడు. చెప్పింది. ఆయన చాలాసేపు టేపు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆడా మగా కొలతలు అయితే తను చెప్పగలననీ, ఇది చెప్పలేననీ అన్నాడు. వెళ్ళి వాడితో మాట్లాడి రమ్మన్నాడు.

నాలుగు గంటలకు తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాడు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. మరదలు మంచినీళ్ళు తెచ్చింది. సరంగమ్మ గ్లాసు పట్టుకుని ఈ గోడ దగ్గరనుంచి ఆ గోడకు నడుస్తూనే సంగతంతా చెప్పింది. వాడు మొదట తనది కాదన్నాడు. ముడి సంగతి చెబితే తల దించుకున్నాడు. తనొక్కడే కాదన్నాడు, హద్దు లోపల నలుగురైదుగురు వేస్తున్నారన్నాడు. ఈ ఏడు బయట వల వేస్తే నాచు తప్ప ఏమీ రావడం లేదని, చేపంతా లోపలికి చేరిందని అన్నాడు. అన్నవన్నీ నిజాలే. సరంగమ్మకూ తెలుసు.

"ఆ చేపల కోసం నన్ను పట్టిస్తావా అక్కా?" అన్నాడు చివరికి.

"అవి చేపలు కావురా," అంది ఆవిడ అలవాటుగా. పన్నెండేళ్ళుగా టీచరు పక్కన ఉండి వచ్చిన అలవాటు అది. అన్నాక ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. వేరే రోజైతే నవ్వేవాళ్ళు.

మరదలు గుమ్మంలోనే నిలబడి, నెమ్మదిగా, ఎవరికీ తెలియని సంగతే కదా వదినా అంది. సరంగమ్మకు కోపం రాలేదు. ఆ మాటే పొద్దుట్నుంచి తనకు తను చెప్పుకుంటోంది. ఆఫీసుకు నువ్వే వెళ్ళి చెప్పరా, నీ అంతట నువ్వే చెబితే ఒక మాటతో పోనిస్తారు, అని తమ్ముణ్ణి బతిమాలింది. వాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. చిన్న మేనకోడలు వచ్చి కొంగు పట్టుకుని, అత్తా ఇవాళ డాల్ఫిన్ కనిపించిందా అని అడిగింది. కనిపించింది, పిల్ల కూడా ఉంది అని చెప్పి వచ్చేసింది.

బసకు వెళ్ళేసరికి హాల్లో పిల్లలు బల్లల చుట్టూ కూర్చుని ఉన్నారు. పొద్దున తీసిన ఫోటోలు పెద్దవి చేసుకుని రెక్క గాట్లు పోల్చుకుంటున్నారు. నోట్సు ఒక మూల కూర్చుని చిత్తుకాగితాన్ని శుభ్రంగా మళ్ళీ రాస్తోంది. ఎవరిది అన్న గడి దగ్గర గీత అలాగే ఉంది. సరంగమ్మ వెళ్ళి ఆ పిల్ల వెనక నిలబడింది. పక్కకు జరిగింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. టీచరు చూసి కుర్చీ లాగితే కూర్చోలేదు.

"ఆ గడిలో రాయాలి. వల మా తమ్ముడిది," అంది.

టీచరు చేతిలో పని ఆపేసింది. ఆవిడను వరండాలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఈ కాగితం రేపు చేపల శాఖకు వెళ్తుందని చెప్పింది. చెప్పి, తన మామూలు పుస్తకం భాషలోనే, "మీరు చెప్పినట్లు నాకు వినబడలేదని కూడా నేను అనుకొనగలను," అంది.

సరంగమ్మ ఆ మాట ఊహించలేదు. పన్నెండేళ్ళలో ఒక్క సున్నా కూడా దిద్దనివ్వని మనిషి టీచరు.

"పొద్దున ఆ అమ్మాయి కక్కుకుంటూ కూడా రాసింది టీచరుగారూ. మొదటిరోజే నేను దానిచేత అబద్ధం రాయించాను," అంది.

లోపలికి వెళ్ళారు. టీచరు చెప్పింది, నోట్సు రాసింది. ఏమైందో ఆ పిల్లకు పూర్తిగా అర్థం కాలేదు గానీ కొంత అర్థమైంది. లేచి నిలబడి, తనకు వచ్చిన మాటల్లో సరైనది వెతికి, దొరక్క, సరంగమ్మకు బిస్కెట్ల పొట్లం ఇచ్చింది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. మూడో రోజు చేపల శాఖవాళ్ళు తమ్ముడి ఇంటికి వెళ్ళారు. హద్దు ఎత్తేసేదాకా వాడి లైసెన్సు ఆపేశారు. వాడు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పనికి కుదిరాడు. తోడబుట్టినవాడి పొట్ట కొట్టిందని జెట్టీ మీద కొందరు సరంగమ్మకు వినబడేలా అన్నారు. అలా అన్నవాళ్ళలో ఇద్దరు ఆ వారంలోనే చడీచప్పుడు లేకుండా తమ వలలు హద్దు లోపలినుంచి తీసేసుకున్నారు. మేనకోడళ్ళు ఈ ఇంటికి రావడం మానలేదు. తమ్ముడు మాత్రం రాలేదు. దారిలో ఎదురుపడితే భర్తను ఆపి, మీ ఆవిడతో చెప్పండి బావా, పడవ ఎడమ పక్క రంగు ఊడుతోంది, అని పక్కనే ఉన్న అక్కకు వినబడేలా చెప్పి పోయేవాడు. దర్జీ ఇంటికి వచ్చాక, తను బట్టలు కుట్టే మనిషే గానీ తెగిన మాటలు అతికే మనిషి కాదని వాపోయేవాడు.

పదిహేడో రోజున ఆ డాల్ఫిన్ పిల్ల కనిపించింది. తోకలో మచ్చ పడింది, ఈత కొంచెం వంకర. తల్లి పక్కనే ఉంది. ఫోటో తీసి, పట్టికలో దానికి నంబరు ఇచ్చారు. మొదట చూసినవాళ్ళు ముద్దుపేరు కూడా పెట్టవచ్చు. ఆ రోజు ముందు నిలబడింది నోట్సు. సరంగమ్మ పేరే పెడతానంది.

"వద్దమ్మా. నంబరు చాలు," అంది సరంగమ్మ.

అందరూ సంతోషించిన ఆ రోజు కూడా ఆవిడకు స్థిమితం చిక్కలేదు. మంచి పని చేస్తే మనసు తేలికపడుతుందని అంటారు గదా, మరి తనకెందుకు పడలేదని రాత్రి భర్తను అడిగింది. ఆయన రేపు మళ్ళీ అడగమన్నాడు.

పిల్లలు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నోట్సు ఆవిడ చేత ఆ రేవు ముడి పదిసార్లు వేయించుకుని నేర్చుకుంది. నెలన్నర గడిచాక హద్దు ఎత్తేశారు. తమ్ముడికి లైసెన్సు తిరిగి వచ్చింది. వాడు లోపలికి రాకుండా బయటి నీళ్ళలోనే వల వేస్తున్నాడనీ, దూరం కాబట్టి గంట ముందే బయలుదేరుతున్నాడనీ మరదలు చెప్పింది.

ఒక పొద్దున సరంగమ్మ బస్తాలు వేసుకుని అఖాతం బయటినుంచి చుట్టి అవతలి ఒడ్డుకు పోతుంటే నోటి బయట వాడి పడవ కనిపించింది. వల తాడు దారికి అడ్డంగా పడి ఉంది. ఆవిడ ఇంజను తగ్గించింది, అల వాడి పడవను ఊపకుండా. వాడు తలెత్తి చూడలేదు. పని చేసుకుంటూనే తాడు కొసను గుంజి, బెండ్లను తన వైపు లాక్కుని, పడవ పట్టేంత దారి ఇచ్చాడు. ఆవిడ ఆ సందులోంచి నెమ్మదిగా పోయింది. దాటాక ఒకసారి వెనక్కి తిరిగింది. వాడు తాడు మళ్ళీ నీళ్ళలోకి వదులుతున్నాడు.